తిరగేసిన తీగలు

"ఎవరు ముట్టిండ్రు దీన్ని?"

దయానంద్ అడగడం ఇది మూడోసారి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే భాగ్యకు కాస్త ఊపిరాడేది.

మంచం మీద గిటార్ వెల్లకిలా పడుంది. దాని నల్ల సంచి జిప్పు తెరుచుకుని కింద ఉంది. పదకొండు నెలలు బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన సంచి అది. దాని వంక చూడకూడదన్నది ఆ ఇంట్లో ఎవరూ పెట్టని నియమం. ఇవాళ దాన్ని కిందికి దించింది దయానందే.

పొద్దున్నే చర్చి సంఘం పెద్ద బాలరాజ్ వచ్చాడు. ఎల్లుండి మట్టల ఆదివారం, ఈతమట్టలు పట్టుకుని ఊరేగింపు ఉందని, సాయంత్రం పాటల ప్రాక్టీసుకు గిటార్ లేదని నసిగాడు. ఎట్లాగూ మీరు వాయించడం లేదు కదా అనే మాట ఆయన నోట రాలేదు గానీ, రాకుండానే అందరికీ వినిపించింది.

"తీసుకపో," అన్నాడు దయానంద్. "మళ్ల తేకు. సంఘంలనే ఉండనీ."

పద్దెనిమిదేళ్ళు చర్చిలో తన ఒళ్ళో కూర్చున్న గిటార్‌ని అంత సులువుగా ఇచ్చేశాడు. ఇచ్చే ముందు ఒక్కసారి చూద్దామనుకున్నాడు కాబోలు, జిప్పు లాగాడు.

పైన ఉండాల్సిన లావు తీగ కింద ఉంది. కింద ఉండాల్సిన సన్న తీగ పైకెక్కి కూర్చుంది. ఆరు తీగలూ అటువి ఇటు, ఇటువి అటు.

భాగ్య బావి దగ్గర నుంచి తడి తునికాకు కట్ట పట్టుకుని అప్పుడే గడపలోకి వచ్చింది. కట్ట నుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. గోడకు ఆనుకుని అత్త అంజవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె చేతులు ఆగాయి. ఆ చేతులు ఆగడం ఆ ఇంట్లో చాలా అరుదు. పోయిన యాసంగి కోతల్లో కొడుకు చెయ్యి హార్వెస్టర్ చైనులో పడిందని కబురొచ్చిన రోజు ఆగాయి. మళ్ళీ ఇవాళ.

"నేనే," అంది భాగ్య.

"నువ్వేంది?"

"తీగలు నేనే మార్పిచ్చిన."

బాలరాజ్ మెల్లగా లేచాడు. మొగుడూ పెళ్ళాల మధ్య సంఘం పెద్దకు కూడా పని లేని సందర్భాలుంటాయని ఆయనకు తెలుసు. "మూడు గంటలకు వస్త, అన్నా. గప్పటిదాక సరిచేసి పెట్టుండ్రి," అని చెప్పులు తొడుక్కున్నాడు. బండి చప్పుడు సందు దాటింది.

"ఎవరితోని మార్పిచ్చినవ్?"

"రాహిల్‌తోని."

"ఏ రాహిల్?"

తెలియక అడిగింది కాదు. తార్పాలిన్‌ల దుకాణం ఫజల్ కొడుకు రాహిల్ చిన్నప్పుడు చర్చి కిటికీ పట్టుకుని గిటార్ వినేవాడు. లోపలికి పిలిచి, వేళ్ళు ఎక్కడ నొక్కాలో మొట్టమొదట చూపించింది దయానందే. ఇప్పుడు వాడికి పాతికేళ్ళు. తండ్రి దుకాణం మీది గదిలో గిటార్ నేర్పుతున్నాడు.

"రెండు నెలల సంది నేర్చుకుంటున్న," అంది భాగ్య. "బుధవారం, శనివారం. వాళ్ళమ్మ ఖైరున్నిసా ఆడనే కూసుంటది, మిషన్ కుట్టుకుంట."

"బీడీలు అప్పజెప్ప పోతున్న అంటివి."

"అప్పజెప్పినంకనే పోయేదాన్ని."

దయానంద్ కుడిచేత్తో గిటార్ మెడను పట్టుకున్నాడు. ఆ చేతి గోళ్ళు పొడుగ్గా ఉంటాయి. తీగలు మీటడానికి పద్దెనిమిదేళ్ళుగా పెంచిన నాలుగు గోళ్ళు. ఎడమచేతిలో మధ్యవేలు, ఉంగరంవేలు పోయాయి, చిటికెనవేలు వంగదు. మీటడానికి ఇంకేం లేకపోయినా కుడిచేతి గోళ్ళు మాత్రం ఆయన తియ్యనివ్వలేదు. తీస్తానని భాగ్య రెండుసార్లు అడిగింది. ఉండనీ అన్నాడు. మూడోసారి అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"నా ఇంట్ల నేనుండంగ," అన్నాడు దయానంద్.

ఆ మాట అక్కడితో ఆపేశాడు. మిగతాది భాగ్యకు అర్థమైంది.

"నా వేళ్ళు పోయినయి భాగ్యా. నోరు పోలే. కండ్లు పోలే. ఎట్ల పట్టాల్నో నేను చెప్పకపోదునా?"

"చెప్తుంటివా?"

ఆమె తునికాకు కట్టను కింద పెట్టింది.

"అడిగితే చెప్తుంటివా బావా? చర్చికి పోదామంటే గోడ దిక్కు మళ్ళితివి. అన్నం పెట్టాల్నా అంటే తల ఊపితివి. పదకొండు నెలలాయె. ఇంట్ల నీ గొంతు వినక నేను ఆ బీరువా మీది దాన్ని చూసి ఏడ్చేదాన్ని. కనీసం గదన్న మోగితె నువ్వు ఇటు తిరుగుతవేమో అని పోయిన. తిరగకపోయినా, వద్దని తిడుతవేమో అని పోయిన."

"అందుకని ఇంకోని దగ్గరికి పోతివి."

"నోరు సంభాళించుకో, దయా," అంది అంజవ్వ.

"నేను గా మాట అంటలే, అవ్వా."

అనలేదు. అది భాగ్యకూ తెలుసు. ఊళ్ళో నలుగురు పిల్లలకు గిటార్ నేర్పిన మనిషి దయానంద్. సొంత పెళ్ళాం నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆ మనిషి ఆమెకు గుర్తు రాలేదు. యంత్రం రెండు వేళ్ళే తీసుకుంది. మిగిలిందాన్ని భాగ్య తీసేసింది. ఆయన బాధ అది.

"నీకు వీలుగ తీగలు మార్పిచ్చుకున్నవ్," అన్నాడు చివరికి. "మంచిది. గిటార్ నీది కాదు, నాది కాదు ఇగ. సంఘానిది. పిలువు వాన్ని. ఎట్లుండెనో అట్ల చెయ్యమను."

"నాకు వీలుగ కాదు బావా..."

"పిలువు."

భాగ్య ఫోన్ పట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్ళింది.

"ఉస్తాద్ చూసిండా చాచీ?" అన్నాడు రాహిల్ అవతల నుంచి.

"చూసిండు."

"ఎందుకో చెప్పినవా?"

"చెప్పనియ్యలే."

"జుమ్మా నమాజ్ అయినంక వస్త," అన్నాడు.

ఎందుకో చెప్పాలంటే ఇరవై రెండేళ్ళు వెనక్కి పోవాలి. అంత కథ వినే ఓపిక ఆ పూట దయానంద్‌కు లేదు.

భాగ్యది జుక్కల్ దగ్గర పల్లె. పొలం పని తప్ప బీడీ ముఖం ఎరగదు. కొత్త కోడలిని అంజవ్వ ఎదురుగా కూర్చోబెట్టుకుని, నన్ను చూసి చెయ్ అంది. భాగ్య చూసి చేసింది. అద్దంలో చూసి చేసినట్టు చేసింది. అత్త కుడిచెయ్యి తనకు ఎడమవైపు కనిపించింది కాబట్టి ఎడమచెయ్యే కదిపింది. చుట్టిన బీడీకి మూతి ముడవాలంటే ఒక వేలికి గోరు పెంచాలి. ఊరందరికీ ఆ గోరు కుడిచేతికి ఉంటే, భాగ్యకు ఎడమచేతికి వచ్చింది. అంజవ్వ అది గమనించేసరికి మూడు నెలలైంది. అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయింది. తిట్టింది, మొట్టింది, ఇక లాభం లేదని వదిలేసింది.

రాహిల్ గదిలోనూ అదే జరిగింది. వాడు ఎదురుగా కూర్చుని చూపించాడు. ఆమె అద్దంలోలా పట్టుకుంది.

"చాచీ, ఉల్టా పట్టినవ్," అని నవ్వి, గిటార్ తిప్పి ఒళ్ళో పెట్టాడు. మళ్ళీ వచ్చేసరికి ఉల్టా. మూడు వారాలు వాడు తిప్పడం, ఆమె మరవడం. నలభై రెండేళ్ళ చేతులు మరి, చెప్పిన మాట ఎక్కడ వింటాయి. చివరికి విసిగి, ఎట్లా వస్తే అట్లా పట్టుకోమన్నాడు. తీగలు తలకిందులుగా ఉన్న పాత గిటార్ ఒకటి ఆమె కోసం సిద్ధం చేసిచ్చాడు.

ఆ రోజు ఆమె తొలిసారి ఒక కార్డ్ సరిగ్గా పట్టింది. మూడు వేళ్ళూ మూడు తీగల మీద నిలిచాయి, శబ్దం శుభ్రంగా వచ్చింది. సంతోషంతో తన చేతులకేసి చూసుకుంది. గిటార్ మెడ మీది మెట్లపై తీగలు నొక్కుతున్నది కుడిచెయ్యి. మీటుతున్నది ఎడమచెయ్యి.

ఆమె అట్లాగే ఉండిపోయింది.

"ఏమైంది చాచీ?"

"ఎడమచేతికి రెండే వేళ్ళుంటే మీటొచ్చా, రాహిల్?"

కుట్టుమిషన్ దగ్గర ఖైరున్నిసా తల ఎత్తింది. రాహిల్ కళ్ళు తుడుచుకుని, "రెండు చాలు చాచీ," అన్నాడు.

ఆ తర్వాత భాగ్య తన కోసం నేర్చుకోలేదు. పోయిన బుధవారం దయానంద్ డోంగ్లిలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు గిటార్ మోసుకెళ్ళి తీగలు మార్పించింది. మంచి సమయం చూసి చెబుదామనుకుంది. మంచి సమయం వచ్చే లోపల బాలరాజ్ వచ్చాడు.

మధ్యాహ్నం పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. దయానంద్ మంచం దిగలేదు. అంజవ్వ మూతి ముడుస్తూనే మధ్యమధ్య కొడుకును, కోడలిని మార్చి మార్చి చూసింది. రెండుంబావుకు రాహిల్ వచ్చాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, కుర్చీ ఉండగానే చాప మీద కూర్చున్నాడు.

"సలాం ఉస్తాద్."

"మార్చు."

"ఒక్క మాట, ఉస్తాద్."

"నువ్వు నా దగ్గర నేర్చుకున్నప్పుడు మాటలు మాట్లాడితివా? మార్చు."

రాహిల్ తల వంచుకుని గిటార్ అందుకున్నాడు. మొదటి తీగ వదులు చేశాడు. తీగ కుయ్యిమంటూ కిందికి దిగిపోయింది. ఆ శబ్దం భాగ్య భరించలేకపోయింది. ఇప్పుడు కాకపోతే ఇక ఎన్నటికీ కాదు. మూడు గంటలకు ఆ గిటార్ గడప దాటితే, దాంతో పాటు ఈ మనిషి కూడా పూర్తిగా గోడవైపు తిరిగిపోతాడు.

"నాకు వీలుగ కాదు బావా. నీకోసం."

దయానంద్ చూశాడు.

"నీ కుడిచెయ్యి మంచిగున్నది. గది నొక్కుతది. ఎడమచేతికి బొటనవేలున్నది, చూపుడువేలున్నది. మీటుటానికి గవి చాలు. నేను ఉల్టా పట్టుకుంటె ఎర్కైంది నాకు. దేవుడు నాకు సక్కగ నేర్చుకునుడు ఎందుకు రానియ్యలేదో గప్పుడు ఎర్కైంది."

దయానంద్ తన ఎడమచేతిని తువ్వాలు కిందికి లాక్కున్నాడు. ఆ సంగతి ఎప్పుడొచ్చినా అట్లాగే చేస్తాడు.

"పద్దెనిమిదేండ్లు," అన్నాడు. "పద్దెనిమిదేండ్లు వాయించిన. ఇప్పుడు మళ్ల మొదటి పాఠం కాడి నుంచా? చర్చిల అందరు చూస్తుండంగ ఒక్క తీగ సక్కగ నొక్కరాక కూసోవాల్నా? నేను నేర్పిన పోరని ముంగట?"

"నా ముంగట వద్దు ఉస్తాద్," అన్నాడు రాహిల్.

తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకు ఉల్టా రాదు. నెల రోజుల సంది ట్రై చేస్తున్న, నా చెయ్యి మళ్లుతలేదు. మన బాన్సువాడల గిది వచ్చేది చాచీ ఒక్కదానికే. నేర్పుతె ఆమెనే నేర్పాలె."

దయానంద్ మొహంలో రంగు మారింది. పొద్దున భాగ్య తనను అడగలేదని బాధపడ్డ మనిషికి, సాయంత్రం కాకుండానే తాను ఆమెను అడగాల్సిన గతి పట్టింది. రెండు నెలల శిష్యురాలి దగ్గర పద్దెనిమిదేళ్ళ మాస్టారు కూర్చోవాలి. కోపంగా ఉన్న మనిషికి ఇది మింగుడుపడే మాట కాదు.

"ఆమెకేం వచ్చు?"

"మూడు కార్డ్స్," అంది భాగ్య. సిగ్గుపడింది.

అప్పుడు అంజవ్వ చాట పక్కన పెట్టింది.

"తప్పు నాది, దయా. పక్కకు కూసోపెట్టుకోక ఎదురుంగ కూసోపెట్టుకున్న దీన్ని. ఎన్ని తిట్టిన. ఎడ్డిదానా, ఉల్టాదానా అన్న. ఇరవై రెండేండ్ల సంది ఎడమచేతితోనే ముడుస్తుంది. కార్ఖానల ఒక్కడన్న అడిగిండా, గీ బీడి ఏ చెయ్యి ముడిచిందని?"

అంజవ్వ చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. చేతులు మాత్రం కదల్లేదు.

"వాయించు," అన్నాడు దయానంద్.

"నేనా?"

"మూడు వచ్చన్నవ్ కదా. వాయించు."

రాహిల్ వదులు చేసిన తీగను మళ్ళీ బిగించి, శ్రుతి చూసి ఇచ్చాడు. భాగ్య చాప మీద, మంచానికి ఎదురుగా కూర్చుంది. దేవుడు తప్ప ఇంకెవరూ వినకూడదన్నంత మెల్లగా మొదటి కార్డ్ మీటింది. వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని దగ్గర ఒక తీగ గరగరలాడింది. మళ్ళీ మీటింది. మళ్ళీ గరగర. చెమట పట్టిన వేళ్ళు జారుతున్నాయి. ఆమెకు ఏడుపు వచ్చేలా ఉంది.

"రెండు మెట్ల నడుమ నొక్కుతున్నవ్," అన్నాడు దయానంద్. "ముంగటికి జరుపు. ఇంకొంచెం. మెట్టు పక్కపొంటి పెట్టు వేలు."

జరిపింది. మీటింది. తీగ శుభ్రంగా మోగింది.

పదకొండు నెలల్లో ఆయన ఆమెకు కోపం లేకుండా అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. భాగ్య తల ఎత్తి చూసింది. దయానంద్ ఆమెను చూడటం లేదు. గిటార్ మెడను చూస్తున్నాడు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. ఆ చేతి మూడు వేళ్ళు, ఆమె వేళ్ళున్న ఆకారంలోనే, లుంగీని నొక్కిపట్టి ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు.

రాహిల్ చూశాడు. అంజవ్వ చూసింది.

"నువ్వు పెట్టి చూడు బావా," అంది భాగ్య.

వీధిలో మట్టల కోసం పోతున్న సంఘం పిల్లల కేకలు వినిపించి దూరమయ్యాయి. దయానంద్ మంచం దిగాడు. చాప మీద ఆమె ఎదురుగా కూర్చోబోయి, ఆగి, పక్కకు వచ్చి కూర్చున్నాడు. గిటార్‌ని ఒళ్ళోకి తీసుకుని, జన్మలో మొదటిసారి అటువైపు తిప్పి పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మెట్ల మీద పెట్టాడు.

గోళ్ళు చెక్కకు తగిలి టక్కుమన్నాయి. తీగ నొక్కబడలేదు. వేలికొస తీగకు తగిలేలోపే గోరు అడ్డం పడుతోంది. ఇంకోసారి నొక్కాడు. గోరు జారింది.

అందరూ ఆ గోళ్ళనే చూశారు. ఆ నాలుగు గోళ్ళు ఆయన ఎందుకు దాచుకున్నాడో ఆ గదిలో అందరికీ తెలుసు. అవి ఉన్నంత కాలం పాత దయానంద్ ఎక్కడో ఉన్నాడు. ఏదో ఒక రోజు చెయ్యి బాగై తిరిగొస్తాడు. అవి పోతే ఇక రాడు. ఇట్లా పక్కన కూర్చుని తప్పులు వాయించే కొత్త మనిషే మిగులుతాడు.

"అవ్వా," అన్నాడు దయానంద్. "కత్తెర ఇయ్యి."

అంజవ్వ ఆకు కత్తిరించే కత్తెర ఇచ్చింది. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకోబోయాడు. బొటనవేలు దూరింది గానీ కత్తెర నిలవలేదు. ఒళ్ళో జారిపడింది. ఆయన దాన్ని మళ్ళీ తీసుకోలేదు. కుడిచెయ్యి మాత్రం భాగ్య ముందు చాపాడు.

భాగ్య ఆ చేతిని పట్టుకుంది. చూపుడువేలి గోరు కత్తిరించింది. కటుక్కుమని చిన్న చప్పుడైంది. దయానంద్ కళ్ళు మూసుకున్నాడు.

బయట బండి ఆగింది.

"అన్నా," బాలరాజ్ గొంతు. "మూడయింది. ప్రాక్టీసుకు అందరు వచ్చిండ్రు. తీసుకపోదునా?"

దయానంద్ చెయ్యి బిగుసుకుంది. పిడికిలి కాలేదు, తెరుచుకోనూ లేదు. ఒక గోరు చాప మీద పడి ఉంది. మూడు ఇంకా చేతికే ఉన్నాయి.

భాగ్య రెండో గోరు కింద కత్తెర పెట్టి ఆయన మొహంలోకి చూసింది. కానిమ్మని ఆయన అనలేదు. వద్దనీ అనలేదు. బాలరాజ్ చెప్పులు విప్పి గడప ఎక్కుతున్నాడు.